యాభై ఎనిమిదో రాయి

ఆమెని అందరూ రాళ్ళక్క అంటారు. రెండు అడవుల మధ్య హద్దు మీద పాతిన రాళ్ళకి ఏటా రంగు వెయ్యడం ఆమె పని. జీతం తూర్పు అడవి కార్యాలయంలో. నలభయ్యో నంబరు నుంచి డెబ్భై ఐదో నంబరు దాకా ముప్పై ఆరు రాళ్ళు ఆమెవి. నిజానికి సగమే ఆమెవి. ప్రతి రాయికీ తూర్పు ముఖం తెలుపు, పడమటి ముఖం పసుపు. తెలుపు తూర్పు కార్యాలయం వెయ్యాలి, పసుపు పడమటి కార్యాలయం వెయ్యాలి. ఒకరి ముఖం మీద ఇంకొకరు కుంచె పెట్టకూడదు. రెండు అడవులూ ఒకే ప్రభుత్వానివైనా ఈ విషయంలో తోడికోడళ్ళ కంటే పట్టింపు ఎక్కువ.

పసుపు వేసేవాడు పడమటి వైపు ఉద్యోగి, నిరుడు రాళ్ళ పని అయ్యాకే విరమణ అయ్యాడు. ఆయన పేరు పసుపాయన. వానలు తగ్గాక ఇద్దరూ ఒకే రోజు బయలుదేరి, రాయికి చెరోవైపూ కూర్చుని పని చేసేవాళ్ళు. ఇనుప బ్రష్‌తో పాచి గీకడం, రంగు వెయ్యడం, ఆరాక చెక్కిన నంబరులో నలుపు దిద్దడం. నంబరు తూర్పు ముఖం మీదే చెక్కి ఉంటుంది కాబట్టి నలుపు పని రాళ్ళక్కది. "చదువంతా నీ వైపే ఉంది చెల్లమ్మా, నాది వేలిముద్ర ముఖం" అనేవాడు పసుపాయన. నాలుగు రోజుల పని. చివర్లో ఒక పుస్తకంలో రాయికి ఒక వరస చొప్పున రాయాలి: ఉన్న చోటు, సరి. నంబరు ఉన్న ముఖం, తూర్పు. కింద ఇద్దరి సంతకాలు.

ఈ ఉద్యోగం ముందు ఆమె భర్తది. పదిహేనేళ్ళ కిందట ఆయన జ్వరంతో పోతే, కార్యాలయం వాళ్ళు ఆమెని పిలిచి ఆయన కుంచెలు, ఆయన రంగు డబ్బా సంచీ చేతికిచ్చారు. మొదటి ఏడాది సగం రాళ్ళు ఎక్కడున్నాయో కూడా ఆమెకి తెలియదు. పసుపాయనే పొదల్లోంచి ఒక్కొక్కటీ చూపించాడు. చూపించి, "ఇదుగో, మీ ఆయన కూర్చునే చోటు" అనేవాడు. ఆమె అక్కడే కూర్చునేది.

సోమవారం పొద్దున రేంజరు అందరినీ తన గదిలోకి పిలిచి ఒక కాగితం చదివాడు. రేంజరు ఆమె పై అధికారి. కాగితాన్ని కళ్ళకి దూరంగా పట్టుకుని, ఒక్కో వాక్యం చదివి, దాన్నే మళ్ళీ తన మాటల్లో చెప్పడం ఆయన అలవాటు.

"రెండు అడవుల హద్దులు సవరిస్తున్నారు. అంటే కొత్త పటం గీస్తారు. నలభై నుంచి డెబ్భై ఐదు దాకా రాళ్ళకి తూర్పున ఉన్నదంతా ఇకనుంచి లోపలి అడవి. అంటే మనిషన్నవాడు కాపురం ఉండకూడదు. ఉంటే నెలలో ఖాళీ చెయ్యాలి. పడమటి వైపు ఎప్పట్లానే, ఉన్నవాళ్ళు ఉండొచ్చు."

"మన వైపు ఇళ్ళెక్కడున్నాయి సార్?" అన్నాడు గుమాస్తా.

"లేవు. అందుకే మనకి తలనొప్పి లేదు." రేంజరు కాగితం తిప్పాడు. "గురువారం సర్వేయరమ్మ వస్తుంది. రాయి రాయికీ యంత్రం పెట్టి చూస్తుంది. రాయికీ పాత లెక్కకీ తేడా వస్తే, ఆ రాయి చూసుకునే మనిషి రాసివ్వాలి, 'నా ఎరుకలో ఈ రాయి కదల్లేదు' అని. రాసిస్తే రాయి ఉన్నచోటే హద్దు. రాళ్ళక్కా, విన్నావా? నీ సంతకానికి విలువొచ్చింది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వాలని పెదవులు కదిపింది. కాళ్ళ కింద నేల ఉందో లేదో చూసుకోవాలనిపించి కిందికి చూసింది.

యాభై ఎనిమిదో రాయి కదిలింది. కదిలించింది ఆమే.

పదకొండేళ్ళ కిందటి మాట. ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది. ఇద్దరూ యాభై ఏడు దాటి వెళ్ళేసరికి యాభై ఎనిమిది లేదు. దాని పక్కనే ఉండే మహావృక్షం వేళ్ళతో సహా లేచి పడిపోయింది. వేళ్ళమొద్దు గోడలా నిలబడి ఉంది. దాంతోపాటే పెకలించుకుని వచ్చిన రాయి కొమ్మల్లో బోర్లా పడి ఉంది. ఉన్నచోటే మళ్ళీ పాతాలంటే ముందు చెట్టు తియ్యాలి. చెట్టు తియ్యాలంటే రెండు కార్యాలయాలూ కలిసి తనిఖీకి రావాలి, తొమ్మిది కాగితాలు నింపాలి, వచ్చే ఏటికి గాని తేలదు. వాన మళ్ళీ పట్టింది. దారి బాగుచేస్తున్న నలుగురు కూలీలు దొరికారు. రాయిని గుంజలకి కట్టి మోయించి, చెట్టుకి తూర్పున గట్టినేల చూసి పాతించేశారు. ముందు రాళ్ళక్క అంగలు లెక్కపెడుతూ నడిచింది. పదిహేడు. "పై ఏడు చెట్టు తీశాక వెనక్కి జరుపుదాం" అనుకున్నారు. పుస్తకంలో, ఉన్న చోటు: సరి.

వాన వెలిశాక చూస్తే ఇంకో తప్పు. తొందరలో రాయిని తిప్పి పాతారు. చెక్కిన నంబరు పడమటికి తిరిగింది.

"నీ చదువు నా వైపుకొచ్చింది చెల్లమ్మా" అని పసుపాయన పడీపడీ నవ్వాడు. నంబరు మీద మందంగా పసుపు కొట్టేశాడు. ఆమె ఇవతలి నున్నటి ముఖానికి తెలుపు వేసి, నల్లరంగుతో 58 అని చెక్కినట్టే రాసింది. పై ఏడు జరపలేదు. ఆ పై ఏడూ జరపలేదు. చెట్టుని పడమటి కార్యాలయం వాళ్ళు కోయించుకుపోయి, యంత్రం పెట్టి నేల చదును చేయించారు. ఖాళీ జాగా కనిపించింది. మూడేళ్ళకి, విరమణ తర్వాత ఉండటానికి పసుపాయన చోటు అడిగితే, రాయికి పడమటి వైపే కదా అని, ఆ జాగాలో ఇల్లు వేసుకోడానికి ఆయనకి కాగితం ఇచ్చారు. ఆ చెట్టు పలకలతోనే ఆయన ఇల్లు కట్టుకున్నాడు. రాయికీ వసారాకీ మధ్య పదకొండు అంగలు. ఇల్లు లోతు ఆరంగలు.

పదకొండూ ఆరూ పదిహేడు. సోమవారం నుంచి ఆ లెక్క ఆమె తలలో గడియారం ముల్లులా తిరుగుతోంది. రాయిని అసలు చోటికి జరిపితే హద్దు ఇంటి వెనక గోడ మీదుగా పోతుంది. ఇల్లు ఇల్లంతా లోపలి అడవిలో పడుతుంది.

ఇల్లే అయితే ఇంకోచోట కట్టుకోవచ్చు. పసుపాయన భార్యకి చూపు లేదు. ఆ ఇంట్లోకి వచ్చిన రెండేళ్ళకి చక్కెరజబ్బు ఆమె కళ్ళు తినేసింది. అప్పటికే ఇల్లంతా కంఠతా వచ్చి ఉండటంతో, చూపు పోయినా ఇల్లు పోలేదు. పొయ్యి నుంచి గడపకి ఏడడుగులు. గడప నుంచి వసారా గుంజకి నాలుగు. గుంజ నుంచి కుళాయి దాకా పసుపాయన కట్టిన తాడు, పన్నెండడుగులు. తాడు పట్టుకుని బిందెతో వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటుంది. పట్నంలో ఆసుపత్రికి తీసుకెళితే మూడు రోజులు మంచం దిగలేదట. ఒకసారి రాళ్ళక్కతో అంది: "ఆ మూడు రోజులే నేను గుడ్డిదాన్ని వదినా. ఇక్కడ కాదు."

ఇంట్లో రాళ్ళక్క, ఆమె అత్తగారు ఇద్దరే. అత్తగారికి ఎనభై దాటాయి. కాళ్ళు పనిచెయ్యవు గాని, నోటికీ చెవులకీ ఏ లోటూ లేదు.

"కూరలో ఉప్పు రెండుసార్లు వేశావు" అంది మంగళవారం.

"పొరపాటైంది అత్తయ్యా."

"నిన్న అసలు వెయ్యలేదు. రెండు రోజులదీ కలిపి వేశావేమో అనుకున్నా." ముసలావిడ కంచం పక్కకి జరిపింది. "తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నావు. ఏం చేశావు?"

"ఏం లేదు. సర్వే వాళ్ళొస్తున్నారు. రాళ్ళన్నీ చూస్తారట."

"చూస్తే చూడనీ. మా వాడు ముప్పై ఆరు రాళ్ళూ కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, నంబరు మీద వేలు పెట్టి చూసి మరీ రాసేవాడు. చూడకుండా రాసిన మాట ఒక్కటి చూపించమను. పుస్తకమంటే వాడికి పెళ్ళాం కంటే ఎక్కువ. నువ్వే అనేదానివిగా."

"అనేదాన్ని."

"మరి నీకెందుకు భయం? నువ్వూ అలాగే రాశావు కదా?"

రాళ్ళక్క కంచాలు తీసుకుని లేచింది. కుళాయి కింద పెట్టిన కంచం నిండి పొర్లుతున్నా కట్టెయ్యలేదు.

బుధవారం సెలవు చీటీ రాసిచ్చి, పసుపాయన ఇంటికి వెళ్ళింది. అడవి దారిలో గంటన్నర నడక. ఆయన వసారాలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. సంగతి ఆయనకి అప్పటికే తెలుసు.

"రాసిచ్చెయ్ చెల్లమ్మా. కదల్లేదని రాసిచ్చెయ్. ఆ రోజు మోసిన కూలీలు ఏ దేశంలో ఉన్నారో. తెలిసినవాళ్ళం ఇద్దరమే."

"నంబరు?"

ఆయన కుట్టడం ఆపాడు.

"ముప్పై ఐదు రాళ్ళకి నంబరు తూర్పున ఉండి, దీనికొక్కదానికే పడమట ఉంటే, ఆవిడ కళ్ళుమూసుకుని వస్తుందా అన్నయ్యా?"

ఇద్దరూ లేచి రాయి దగ్గరికి వెళ్ళారు. నడుమెత్తు రాయి. పైకి కనిపించేదెంతో నేలలో అంత. పసుపాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తిప్పేద్దాం" అన్నాడు.

"మనిద్దరమా?"

"నలుగురు మోశారు. తిప్పడానికి ఇద్దరు చాలరా?"

"ఆ నలుగురిలో ఒక్కడి వయసుంటుందా మనిద్దరి మోకాళ్ళకీ కలిపి?"

"నువ్వు గునపం పట్టు. మోకాళ్ళ సంగతి తర్వాత." ఆయన తవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి గొంతు తగ్గించాడు. "తిప్పితే సరిపోతుందా? దీని కింద బొగ్గు లేదుగా."

బొగ్గు మాట ఆమెకి ఈ మూడు రోజుల్లో తట్టనేలేదు. రాయి పాతేముందు గోతి అడుగున గంపెడు బొగ్గు పొయ్యడం సర్వే వాళ్ళ పాత పద్ధతి. రాయి పోయినా బొగ్గు వందేళ్ళకైనా కుళ్ళదు, అదే సాక్షి. భర్త చెప్పాడు ఎప్పుడో. ఆ రోజు వానలో బొగ్గు ఎవరికి గుర్తుంది?

"మీ పొయ్యిలో లేదా?" అంది.

"గ్యాసు పొయ్యి చెల్లమ్మా."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే ఏడుపవుతుందని గునపం గట్టిగా పట్టుకుంది. గంటసేపు తవ్వారు. రాయి మెడ దాకా మట్టి తీసి, గునపం దూర్చి, ఇద్దరూ బరువంతా వేసి తొక్కారు. రాయి తిరగలేదు. ఒక్కసారి కిర్రుమని ఉత్తరానికి ఒరిగింది. అంతే. మళ్ళీ నిలబెడదామని అవతలి వైపు నుంచి నెట్టారు. అది కదల్లేదు. పసుపాయన నడుం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"ఏం చేస్తున్నారు అక్కడ?" వసారాలోంచి ఆయన భార్య కేకేసింది. "గునపం చప్పుడు వినిపిస్తోంది."

"ఏం లేదు. రాయి ఒరిగితే సరిచేస్తున్నాం" అన్నాడాయన.

"సరిచేస్తుంటే ఒరిగిన చప్పుడొచ్చిందేం?"

ఇద్దరూ తవ్విన మట్టి మళ్ళీ పోసి, కాళ్ళతో తొక్కి, పైన ఎండుటాకులు జల్లారు. పదకొండేళ్ళుగా నిటారుగా నిలబడ్డ రాయి ఇప్పుడు ఎవరి మాటో చాటుగా వింటున్నదానిలా పక్కకి వంగి ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం అనుకుంది రాళ్ళక్క. వెళ్ళేటప్పుడు ఆవిడకి చెప్పి వెళదామని వసారా ఎక్కింది. ఆవిడ గుంజకి ఆనుకుని, తాడు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"నీ చేతులకి మట్టుంది వదినా" అంది చెయ్యి పట్టుకుని. "ఇల్లు పోతుందా?"

"పోదు."

"మీ అన్నయ్య కూడా ఇలాగే అన్నాడు. ఇద్దరూ ఒకే గొంతుతో అంటున్నారు. నాకు అదే భయంగా ఉంది."

గురువారం మధ్యాహ్నానికి సర్వేయరమ్మ యాభై ఎనిమిది దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ఎండ టోపీ, బురద బూట్లు, మెడలో తాడు కట్టిన పెన్సిలు. వెంట రేంజరు. రాళ్ళక్క నలభయ్యో రాయి నుంచి వాళ్ళతోనే నడుస్తోంది. పద్దెనిమిది రాళ్ళకీ యంత్రం సరి అంది. ఒక్కో రాయి సరి అన్నప్పుడల్లా రేంజరు ఆమె వైపు చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. ఒక్కో రాయికీ యాభై ఎనిమిది దగ్గరపడింది.

పసుపాయన అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. ఉద్యోగంలో లేకపోయినా ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

సర్వేయరమ్మ యంత్రం మూడు కాళ్ళూ పాతి, చూసి, కాగితం చూసి, మళ్ళీ చూసింది. "తేడా వస్తోంది" అంది.

"పాత కొలతలు కదమ్మా" అన్నాడు రేంజరు. "గొలుసు లాగి కొలిచినవి. ఒక మూర అటూ ఇటూ..."

"మూర కాదు సార్."

ఆమె రాయి దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుంది. కాలితో ఎండుటాకులు పక్కకి తీసింది. తాజా మట్టి. ఒరిగిన వైపు చూసింది. ఆ తర్వాత పడమటి ముఖం మీద చేత్తో నిమురుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. బొటనవేలితో పసుపు పొర కింద గాడిని తడిమింది. కళ్ళు మూసుకుని మరీ తడిమింది. ఐదు. ఎనిమిది.

"మిగతావాటికి నంబరు తూర్పునుంది" అంది లేస్తూ. "దీనికి పడమటుంది."

రేంజరు దగ్గాడు. తన వైపు రాళ్ళలో గొడవ రావడం ఆయనకి ఇష్టం లేదు.

"మొదట పాతినప్పుడే అలా పాతారేమో" అన్నాడు.

సర్వేయరమ్మ రాళ్ళక్క వైపు చూసింది. "అయ్యుండొచ్చు. అలాగైతే మీరు రాసివ్వండి. పాతిన రోజు నుంచీ ఇలాగే ఉందని. నేను అలాగే వేసుకుంటాను."

కాగితం, పెన్సిలు అట్ట మీద పెట్టి చేతికిచ్చింది. ఇంత తేలికగా దాటుతుందని రాళ్ళక్క అనుకోలేదు. వసారాలో పసుపాయన భార్య గుంజ పట్టుకుని చెవి ఇటు పెట్టి నిలబడి ఉంది. రాళ్ళక్క రాయడం మొదలుపెట్టింది. 'యాభై ఎనిమిదో నంబరు రాయి పాతిన రోజు నుంచీ...'

"ఆ పాత పుస్తకాల్లో మాత్రం తూర్పు ముఖం అని ఉంది" అంది సర్వేయరమ్మ, సంచీలోంచి కాగితాలు తీసి తిరగేస్తూ. "ఇరవై ఏళ్ళ కిందటివి కూడా."

"అదా!" రేంజరు చెయ్యి విదిలించాడు. "అప్పట్లో ఉన్నది ఈవిడ భర్తేలెండి. పోయాడు పాపం. చూడకుండా రాసేసి ఉంటాడు. ముప్పై ఆరు రాళ్ళు ఎవరు వంగి చూస్తారు? పై వరస చూసి కింద వరస దింపేసి ఉంటాడు."

పెన్సిలు ఆగింది.

రాళ్ళక్క వెంటనే తలెత్తలేదు. రాసిన నాలుగు మాటలు చూస్తూ ఉండిపోయింది. ఒక సంతకం పెడితే ఇటు ఇల్లు ఉంటుంది. తన ఉద్యోగం ఉంటుంది. చూడకుండా రాసినవాడి పేరు ఆయనదవుతుంది.

"ఆయన చూసే రాశారు" అంది.

"ఏమిటి?"

"వేలు పెట్టి చూసి రాసేవారు. ఆయన ఉన్నప్పుడు నంబరు తూర్పునే ఉంది. చూసి కూడా తప్పు రాసింది నేను. పదకొండు పుస్తకాల్లో."

పసుపాయన గబగబా ముందుకొచ్చాడు. "ఆమెకేం తెలియదమ్మా. జరిపించింది నేను. కూలీల్ని పిలిచింది నేను. నేను విరమణ అయినవాణ్ణి, నా పేరు రాసుకోండి."

"కూలీల్ని పిలిచింది ఆయనే. ఎక్కడ పాతాలో చూపించింది నేను" అంది రాళ్ళక్క. అక్కణ్ణుంచి మాట ఆగలేదు. గాలివాన, చెట్టు, తొమ్మిది కాగితాలు, వాన, తిరగబడ్డ నంబరు, నిన్నటి గునపం. రేంజరు మొహం ఎర్రబడి, నల్లబడి, చివరికి ఏ రంగూ లేకుండా పోయింది.

సర్వేయరమ్మ మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక, "ఎంత దూరం జరిపారు?" అంది.

"పదిహేడు అంగలు."

"నడిచి చూపించండి."

రాళ్ళక్క రాయి దగ్గర నిలబడి పడమటికి నడిచింది. పదకొండో అంగకి కాలు వసారా మెట్టుకి తగిలింది. మెట్టెక్కి, గుంజ పక్కనుంచి, పసుపాయన భార్య చీర కుచ్చెళ్ళు తగులుతూ, గడప దాటి, పొయ్యి పక్కనుంచి నడిచింది. పదిహేడుకి వెనక గోడ వచ్చింది. గోడకి నుదురు ఆనించి ఒక్క క్షణం నిలబడింది. తిరిగి వచ్చేసరికి ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

"ఆ రోజు కొలిచింది ఎలా?" అంది సర్వేయరమ్మ.

"రాయి ఊడిన గోతి నుంచి పాతిన చోటికి. ముందు నేను నడిచాను, వెనక వాళ్ళు మోసుకొచ్చారు."

"చెట్టు అడ్డంగా పడి ఉందన్నారు. దానికి ఇవతల పాతామన్నారు. మరి రాయి మోసుకుంటూ చెట్టెక్కి దిగారా?"

రాళ్ళక్కకి ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. వేళ్ళమొద్దు గోడలా లేచి ఉంది. దాని ముందు బురద. మోసేవాళ్ళు తిట్టుకుంటూ మొద్దు అవతలి నుంచి చుట్టు తిరిగి వచ్చారు. తను ముందు నడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి నుంచి పదిహేడు దాకా.

"చుట్టూ తిరిగాం" అంది.

"చుట్టూ" అని పసుపాయన కూడా అన్నాడు, ఇప్పుడే ఎవరో చెప్పినట్టు.

"అయితే తిన్నగా ఎంతో మీకు తెలియదు."

"తెలియదు."

"గొయ్యి ఎక్కడుండేదో చూపించగలరా?"

ఇద్దరూ నేల వైపు చూశారు. యంత్రంతో చదును చేసిన నేల, పైన పదేళ్ళ గడ్డి. ఎక్కడని చూపిస్తారు?

"చెట్టు గొయ్యేనా మీకు కావలసింది?"

వసారాలోంచి వచ్చిన మాట అది. పసుపాయన ఉలిక్కిపడ్డాడు. "నువ్వు లోపలికి వెళ్ళు."

"ఎందుకు, ఇల్లు పోయినప్పుడు బయటికి రావచ్చనా?" ఆవిడ తాడు పట్టుకుని మెట్టు దిగింది. "పెద్ద చెట్టు కుళ్ళిన చోట నేల కుంగుతుంది. మీకు కళ్ళున్నాయి కాబట్టి తెలియదు." వట్టి కాళ్ళతో నేలని తడుముతూ నడిచింది. ఒకటి, రెండు అని పెదవులు కదులుతున్నాయి. ఆరో అడుగు దగ్గర ఆగి, మడమతో నొక్కింది. "ఇక్కడ. వాన పడితే ఇక్కడే నీళ్ళు నిలుస్తాయి. బిందెతో వచ్చేటప్పుడు ఇక్కడ జాగ్రత్తగా వేస్తాను కాలు."

రేంజరు తెప్పించిన గునపం అందుకుని పసుపాయనే తవ్వాడు. నడుం నొప్పి మాట ఎత్తలేదు. పైన మట్టి. కింద గుల్లబారిన వేళ్ళ పొట్టు. నడుం లోతు దిగాక గునపం చప్పుడు మారింది. సర్వేయరమ్మ గోతిలోకి దిగి పిడికెడు తీసింది. అరచెయ్యి తెరిచింది. నల్లగా, తడిగా, నిన్న పోసినట్టు బొగ్గు.

యంత్రం గోతి మీద పెట్టి చూసింది. "ఇదే. పాత లెక్కకి వేలెడు తేడా లేదు" అంది. రాళ్ళక్క అక్కణ్ణుంచి రాయి దాకా నడిచింది, ఈసారి తిన్నగా. ఎనిమిది అంగలు. మళ్ళీ గోతి నుంచి వసారాకి. మూడు.

"ఇల్లు?" అంది.

"ఇల్లు పడమటే" అంది సర్వేయరమ్మ. పెన్సిలుతో పటం మీద గీత లాగుతూ, తలెత్తకుండానే అంది: "కుళాయి తూర్పు. ముందు జాగా తూర్పు. కంచె వసారాకి మూడంగల్లో వస్తుంది."

పసుపాయన గోతి గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయన భార్య తాడు వదల్లేదు. "కుళాయి పోయిందన్నమాట" అంది.

రేంజరు మాత్రం రాళ్ళక్కతో ఆ రోజంతా మాట్లాడలేదు. మిగిలిన పదిహేడు రాళ్ళూ ఆమె వాళ్ళ వెనకాల నడిచింది. అవన్నీ సరిగానే ఉన్నాయి.

నెల తిరిగేలోగా కంచె వచ్చింది. యాభై ఎనిమిదిని కూలీలు తవ్వి తీసి పాత గోతిలో దింపారు. దింపేముందు రాళ్ళక్క గంపెడు బొగ్గు తనే పోసింది. నంబరు తూర్పుకి తిప్పించి, వేలు పెట్టి చూసి, అప్పుడు మట్టి కప్పమంది. తన వైపు తెలుపు వేసింది. చెక్కిన గాడిలో పసుపు పదకొండు పొరలుంది, గీకడానికి పూట పట్టింది. పడమటి ముఖానికి మనిషి ఇంకా రాలేదు. పసుపాయనకి ఇప్పుడు కుంచె పట్టే హక్కు లేదు. ఆ ముఖం వట్టి రాయిగా ఉంది.

అత్తగారికి మొత్తం చెప్పేసింది. ముసలావిడ, "వాడి పుస్తకం సరిగా ఉందన్నారా?" అంది. అన్నారని చెబితే, "ఊఁ, కూరలో ఉప్పు చూడు" అంది.

ఇంటి వెనక గోడకి పసుపాయన తలుపు కోశాడు. కుళాయి అటు మార్పించారు. శనివారం రాళ్ళక్క కొత్త తాడు పట్టుకుని వెళ్ళింది. ఆ పొద్దునే కార్యాలయంలో గుమాస్తా ఆమెకి కవరు ఇచ్చాడు. సంతకం పెట్టించుకుంటూ మొహం చూడలేదు. కవరు డబ్బా సంచీలో, కుంచెల కింద ఉంది. ఆమె దాన్ని ఇంకా చింపలేదు. సంచీ గోడకి ఆనించి పెట్టి, తాడు ఒక కొస తలుపు గుంజకీ రెండో కొస కుళాయి గొట్టానికీ కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది.

"రా వదినా" అంది. "గుంజ నుంచి కుళాయికి పధ్నాలుగడుగులు. నేను లెక్కపెట్టాను."

"నీ లెక్క నాకొద్దు తల్లీ" అంది పసుపాయన భార్య తాడు అందుకుంటూ. "నువ్వు పదిహేడు అంటే ఎనిమిది."

పసుపాయన లోపలినుంచి గట్టిగా నవ్వాడు. చాలా రోజులకి విన్న నవ్వు. రాళ్ళక్క పక్కకి తప్పుకుంది. ఆవిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని, కొత్త నేల మీద పాదం మోపి, కాసేపు ఆగి, బరువు వేసింది.

"ఒకటి" అంది.

రాళ్ళక్క రెండడుగులు వెనకగా నడిచింది, పడితే పట్టుకోడానికి చేతులు చాపి, తాకకుండా. తొమ్మిది దగ్గర ఆవిడ తడబడింది. రాళ్ళక్క చేతులు ముందుకి వెళ్ళి, ఆగాయి. పది. పదకొండు. పన్నెండు దగ్గర ఆవిడ అలవాటుగా చెయ్యి చాపింది. కుళాయి లేదు. చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

"ఇంకా ఉంది" అంది రాళ్ళక్క.

"తెలుసు, చెప్పకు" అంది ఆవిడ. తాడు గట్టిగా పట్టుకుని ఇంకో అడుగు వేసింది.